ఒళ్ళు చేసింది తిండితోనా, మాత్రతోనా?



పోయిన ఆదివారం మన సంఘం హాల్లో నిశ్చితార్థం భోజనాలప్పుడు రెండు మాటలు నా చెవిన పడ్డాయి. ఒక పెద్దమ్మ కోడలితో అంటోంది: "పిల్లగాడు పుల్ల లెక్క ఉన్నడు. మెడికల్‌ల ఆకలి సిరప్ దొరుకుతది, రెండు సీసాలు తాపు. నెల తిరిగేసరికి బుగ్గలొస్తయి." పక్క పంక్తిలో ఇంకొకామె ఓ చెల్లెల్ని నవ్వుతూనే పొడిచింది: "పెండ్లప్పుడు ఎట్లుంటివి, ఇప్పుడెట్లయితివే! జర నోరు కట్టుకోరాదు?" ఆ చెల్లెలు నవ్వి ఊరుకుంది, విస్తట్లో బూరెను మాత్రం పక్కకు జరిపింది. ఆమె ఉబ్బసానికి ఏళ్ళ తరబడి మందులు మింగుతున్న సంగతి నాకు తెలుసు.

సోలాపూర్ పూర్వభాగంలో ముప్పై ఏళ్ళు మెడికల్ షాపు కౌంటరు వెనక నిలబడ్డవాడిని. ఆ రెండు మాటలూ ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు, రెండింటి కథా ఒకటేనని. సన్నటి పిల్లాడికి తాపుతున్నదీ అలర్జీ మందే, లావైన చెల్లెలు మింగుతున్నదీ అలర్జీకి ఇచ్చే మందే. ఒకచోట దాని గుణాన్ని మనం డబ్బులిచ్చి కొంటున్నాం. ఇంకోచోట అదే గుణానికి మనిషిని తిడుతున్నాం. ఈ కథ మొదటినుంచీ రాస్తాను, కొంచెం ఓపికగా చదవండి.

మన ఊళ్ళో తుమ్ములకూ ఆయాసానికీ కారణాలు వెతకనక్కర్లేదు. మగ్గాల దగ్గర పత్తి దూది ముక్కులోకి పోతుంది. బీడీలు చుట్టే ఇంట్లో పొగాకు పొడి గాల్లోనే ఉంటుంది. ఊరి బయట ఖాళీ జాగా అంతా గాజర్ గవత్. మన ఆంధ్ర, తెలంగాణ చుట్టాలు దాన్నే వయ్యారిభామ అంటారు. 1950ల మధ్యలో మన రాష్ట్రంలోనే, పుణెలో ఈ మొక్కను మొదట గుర్తించారు. ఇప్పుడది లేని జిల్లా లేదు. దాన్ని తాకితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, దాని పుప్పొడి పీలిస్తే కొందరికి తుమ్ములు. అందుకే అలర్జీ మాత్ర మన ఇళ్ళల్లో ఉప్పు డబ్బా అంత మామూలు వస్తువైపోయింది.

ఆ మాత్ర ఎక్కడినుంచి వచ్చింది?

1910లో లండన్‌లో హెన్రీ డేల్, ప్యాట్రిక్ లైడ్లా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హిస్టమిన్ అనే పదార్థం ఒంట్లో ఏమేం చేస్తుందో వివరించారు. ఊపిరి గొట్టాలు బిగిసిపోవడం, రక్తపోటు పడిపోవడం, చర్మం ఉబ్బడం వంటివి దాని పనులే. ఒంట్లోకి పుప్పొడో దుమ్మో వస్తే శత్రువు వచ్చాడనుకుని ఒళ్ళు విడుదల చేసే పదార్థం ఇదేనని తర్వాత తేలింది. 1937లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే, ఆన్‌మరీ స్టాబ్ కలిసి హిస్టమిన్‌ను అడ్డుకునే మొదటి మందు కనిపెట్టారు. గినీపందులకు అది పనిచేసింది గానీ మనుషులకు ఇవ్వలేనంత విషం. మనుషులు వాడదగిన మందు 1942లో ఫ్రాన్స్‌లోనే వచ్చింది. 1946లో అమెరికాలో డైఫెన్‌హైడ్రమిన్ అమ్మకానికి వచ్చింది. ఇప్పటికీ జలుబు మాత్రల్లో కలిపే క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఆ దశాబ్దం చివర పుట్టిందే. బోవేకు 1957లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ పాత మందులన్నిటికీ ఒక గుణం ఉంది. మింగితే నిద్ర ముంచుకొస్తుంది. ఎందుకంటే హిస్టమిన్ ముక్కులో, చర్మంలో మాత్రమే ఉండదు, మెదడులోనూ ఉంటుంది. అక్కడ దానికి వేరే కొలువు. మనిషిని మెలకువగా ఉంచడం ఒక పని. "ఇక చాలు, కడుపు నిండింది" అని చెప్పడంలో సాయపడడం రెండో పని. పాత అలర్జీ మందు ముక్కు దగ్గర ఆగకుండా మెదడుదాకా పోతుంది. అక్కడ హిస్టమిన్ నోరు మూస్తే నిద్ర వస్తుంది, ఆకలీ పెరుగుతుంది. నిద్ర సంగతి మొదటి రోజే అందరికీ తెలిసింది. ఆకలి సంగతి పట్టించుకోవడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది.

1960ల మొదట్లో సైప్రోహెప్టడిన్ అనే కొత్త అలర్జీ మందు వచ్చింది. దాన్ని ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇచ్చి చూసిన అమెరికా వైద్యులు ఒక వింత గమనించారు. పిల్లలు ఎక్కువ తింటున్నారు, బరువు పెరుగుతున్నారు. ఆ వివరాలు 1962లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయ్యాయి. ఈ మందు హిస్టమిన్‌తో పాటు సెరొటోనిన్ అనే ఇంకో పదార్థాన్నీ అడ్డుకుంటుంది. అదీ ఆకలిని అదుపులో పెట్టేదే. అంటే గేటు దగ్గర ఉన్న ఇద్దరు కాపలావాళ్ళనూ ఒకేసారి పక్కకు నెట్టేసినట్టు.

మందుకు అనుకోని ఫలితం కనిపిస్తే వైద్యుడు జాగ్రత్త పడతాడు. వ్యాపారి దాన్ని అట్టపెట్టె మీద అచ్చువేస్తాడు. ఇక్కడ రెండోదే జరిగింది. అలర్జీ మందు ఆకలి మందై, తియ్యటి సిరప్పై, నవ్వే బొద్దు పిల్లాడి బొమ్మతో మన దేశంలో కౌంటర్ల మీదికి ఎక్కింది.

నేనూ అమ్మాను, దాచుకోను. 90లలో ఒక బీడీ కార్మికురాలు తన ఏడేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. "అన్నా, వీడు తింటలేడు, సన్నబడుతుండు." నేను సీసా తీసిచ్చాను. పిల్లాడు తినడం మొదలుపెట్టాడు, తల్లి సంతోషపడింది. నెలకో సీసా చొప్పున నాలుగు నెలలు. ఆపితే మళ్ళీ మొదటికొచ్చేవాడు. అది ఆ మందు స్వభావం, ఆపాక ఆకలి మళ్ళీ పాత దారికే వస్తుంది. ఐదో నెలలో పిల్లాడికి సాయంత్రం జ్వరం అంటే ఎవరో సివిల్ ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. క్షయ అని తేలింది. మందులు వాడి బాగయ్యాడు, ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. కానీ ఆ నాలుగు నెలలు రోగం మీద ముసుగు వేసింది నేనే. తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంటుంది.

పిల్లాడు సన్నగా ఉంటే నులిపురుగులు కావచ్చు, రక్తం తక్కువ కావచ్చు, క్షయ కావచ్చు. ఏ రోగమూ లేకుండా వంశంలోనే సన్నటి ఒళ్ళు కావచ్చు. ఇవేవీ సిరప్ చూడదు. పాలూ టీ బిస్కట్లతో కడుపు నింపి అన్నం తినడం లేదంటే అది మందుతో పోయే సంగతీ కాదు. కొన్ని పెద్ద జబ్బుల్లో వైద్యులు ఆలోచించి ఇదే మందును ఆకలి కోసం రాస్తారు, అది వేరే మాట. అక్కడ రోగమేమిటో తెలిసి రాస్తారు. మనం కౌంటరు దగ్గర కొన్నప్పుడు ఆ తెలిసిన భాగమే ఉండదు.

సరే, అలర్జీ మందుకూ బరువుకూ అసలు ముడి ఎక్కడుందో తేల్చింది ఎవరనుకుంటున్నారు? అలర్జీ వైద్యులు కాదు, మానసిక రోగాల మీద పనిచేసేవాళ్ళు. ఫ్రాన్స్‌లో అలర్జీ మందులను మార్చి మార్చి చూస్తున్న కంపెనీలోనే, ప్రొమెథజిన్ కుటుంబం నుంచి 1950 డిసెంబరులో క్లోర్‌ప్రొమజిన్ పుట్టింది. 1952లో పారిస్ వైద్యులు దాన్ని మానసిక రోగులకు ఇచ్చి, గొలుసులతో కట్టేసే కాలాన్ని మార్చేశారు. అయితే ఆ రోగులు లావెక్కారు. తర్వాత వచ్చిన ఇలాంటి మందుల్లో కొన్ని ఇంకా ఎక్కువ లావు చేశాయి. ఎందుకని వెతికితే, హిస్టమిన్‌కు ఉన్న ఒక ప్రత్యేకమైన తాళం రంధ్రాన్ని ఏ మందు ఎంత గట్టిగా మూస్తే అంత బరువు పెరుగుతోందని 2003లో వచ్చిన పరిశోధన చూపింది. ఆ తాళం మూస్తే మెదడులో ఆకలి పుట్టించే ఒక ఎంజైము మేల్కొంటుందని 2007లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు ఎలుకల్లో చూపించారు. ఆ తాళం రంధ్రం ఏదనుకున్నారు? మన తుమ్ముల మాత్ర మూసేది కూడా దాన్నే.

ఇంతలో నిద్ర పట్టించని కొత్త తరం మాత్రలు వచ్చాయి. అస్టెమిజోల్ వాటిలో ఒకటి. నిద్ర రాదు గానీ ఆకలి, బరువు పెరగడం దానితోనూ గమనించారు. చివరికి గుండె లయ తప్పిస్తోందని 1999లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. మన ప్రభుత్వం 2003లో దాన్ని నిషేధించింది. ఇప్పుడు మనం వాడే సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ ఆ తర్వాత ఇళ్ళల్లోకి వచ్చినవి. ఇవి మెదడులోకి తక్కువ పోతాయి. ఫెక్సోఫెనడిన్ మరీ తక్కువ.

మరి వీటితో లావెక్కుతామా? 2010లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళ అధ్యయనం ఒకటి అచ్చయింది. 2005-06 జాతీయ ఆరోగ్య సర్వేలోని 867 మంది పెద్దవాళ్ళ లెక్కలు తీసుకుని, వైద్యుడు రాసిన అలర్జీ మాత్రలు వాడేవాళ్ళను వాడనివాళ్ళతో పోల్చారు. వాడేవాళ్ళలో సగటున బరువు, నడుము కొలత, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా కనిపించాయి. ఈ మాట వినగానే మాత్రల డబ్బా చెత్తబుట్టలో వేయకండి. ఆ అధ్యయనం ఒక్క రోజు తీసిన ఫోటో లాంటిది. మాత్ర వల్ల లావయ్యారా, లావున్నవాళ్ళకే అలర్జీ ఎక్కువై మాత్రలు వాడుతున్నారా అనేది ఫోటో చెప్పదు. ముక్కు మూసుకుపోయి రాత్రంతా నిద్రలేనివాడు పగలు నడవడు, వ్యాయామం చేయడు. అదీ బరువే. కాబట్టి తుమ్ములొచ్చిన వారం రోజులు ఓ మాత్ర వేసుకుంటే లావెక్కుతామని భయపడక్కర్లేదు. ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటూ, బరువు కారణం లేకుండా పెరుగుతుంటే మాత్రం వైద్యుణ్ణి అడగాల్సిన ప్రశ్న అది. మందు మార్చవచ్చు. కొందరికి మాత్ర బదులు ముక్కులో కొట్టే స్ప్రే సరిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పింది చిన్న కథ. పెద్ద కథ స్టెరాయిడ్‌ది.

1948 సెప్టెంబరు 21న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్ళవాతంతో మంచం పట్టిన 29 ఏళ్ళ స్త్రీకి కార్టిసోన్ ఇంజెక్షన్ ఇప్పించాడు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. ప్రపంచం దాన్ని అద్భుతం అంది. 1950లోనే హెంచ్‌కూ, ఎడ్వర్డ్ కెండల్‌కూ, టాడియస్ రైఖ్‌స్టీన్‌కూ నోబెల్ ఇచ్చారు. మొదట్లో ఆ మందును పశువుల పిత్తరసం నుంచి ముప్పైకి పైగా మెట్లలో తయారుచేసేవారు, ధర ఆకాశంలో ఉండేది. తర్వాత మెక్సికో అడవి దుంపల నుంచి, బూజు సాయంతో తయారుచేయడం నేర్చుకున్నారు. ధర నేలకు దిగింది, ఉబ్బసానికీ చర్మం అలర్జీకీ వాడడం మొదలైంది. 50లలోనే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వచ్చాయి. ఇవాళ అవి చాయ్ కంటే చవక.

దీని ఇంకో ముఖం కూడా అప్పటికే తెలుసు. మన ఒంట్లో సహజంగానే ఇలాంటి పదార్థం ఊరుతుంది. అది మితిమీరి ఊరితే ఒళ్ళు ఏమవుతుందో హార్వే కుషింగ్ అనే వైద్యుడు 1912 నాటికే ఒక రోగిలో చూసి రాశాడు. ముఖం చందమామలా గుండ్రం అవుతుంది. మెడ వెనక, పొట్ట మీద కొవ్వు పేరుకుంటుంది. అదే సమయంలో చేతులూ తొడలూ సన్నబడతాయి. అక్కడ కండ కరిగిపోతుంది. చర్మం పల్చబడి తగిలితే చాలు కములుతుంది, ఎముక గుల్లబారుతుంది. స్టెరాయిడ్ మాత్ర ఎక్కువకాలం మింగినా ఇదే జరుగుతుంది. తూకం మెషీన్ ఈ సంగతి చెప్పదు. కండ తగ్గి కొవ్వు పెరిగితే ముల్లు పెద్దగా కదలకపోవచ్చు. కానీ మనిషి మెట్లెక్కలేదు, కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేదు.

మా అమ్మ ఇలాగే అయింది. బీడీల పొగాకు పొడికి ఆమెకు దగ్గు, ఆయాసం. ఒక డాక్టరు పొట్లం కట్టి చిన్న తెల్ల మాత్రలు ఇచ్చేవాడు, పేరు రాసేవాడు కాదు. వేసుకున్న మర్నాడే ఆయాసం మాయం. "దేవుడసుంటి డాక్టరు" అని మా గల్లీ అంతా అక్కడికే. ఆరు నెలలకు అమ్మ ముఖం నిండింది. చుట్టాలందరూ, "కొడుకు మంచిగ చూసుకుంటుండు, ఒళ్ళు చేసింది" అన్నారు. నేను పొంగిపోయాను. మెడికల్ షాపులో పనిచేసేవాణ్ణి, రోజూ అవే మాత్రలు చేత్తో తీసి ఇచ్చేవాణ్ణి, ఇంట్లో అమ్మ ముఖం చూసి గుర్తుపట్టలేదు. తర్వాత మాట మారింది. "ఏం తింటుందో, ఒక్కతే కూర్చొని." అది విని అమ్మ రాత్రిపూట తినడం మానేసింది. అప్పటికీ తగ్గకపోయేసరికి, పొట్లాలవల్లే అని ఎవరో అంటే, ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఒక్కసారిగా ఆపేసింది. నాలుగో రోజు వాంతులు, లేవలేనంత నీరసం, రక్తపోటు పడిపోయి ఆసుపత్రిలో చేర్చాం.

అక్కడి వైద్యురాలు చెప్పిన సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. బయటినుంచి స్టెరాయిడ్ నెలల తరబడి వస్తుంటే, మూత్రపిండాల మీదుండే గ్రంథులు తమ పని మానేస్తాయి. ఒక్కసారిగా మందు ఆపితే లోపల ఊరేదీ ఉండదు, బయటినుంచి వచ్చేదీ ఉండదు. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వైద్యులు మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. అమ్మకూ అలాగే నెలల మీద తగ్గించి, పీల్చే పంపు అలవాటు చేశారు. ముఖం మళ్ళీ మామూలైంది. తొడల్లో బలం మాత్రం పూర్తిగా రాలేదు.

ఆ పంపు గురించి మనవాళ్ళకు లేనిపోని భయం ఉంది. "పంపు పెడితే ఇగ జీవితాంతం అదే" అంటారు, మాత్ర మాత్రం సంతోషంగా మింగుతారు. లెక్క చూడండి. పీల్చే స్టెరాయిడ్ మందు 1972లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. ఒక్కసారి పీలిస్తే వచ్చేది మామూలుగా 100 లేదా 200 మైక్రోగ్రాములు. ఒక ప్రెడ్నిసొలోన్ మాత్ర 20 మిల్లీగ్రాములదైతే, తూకంలో అది 200 మైక్రోగ్రాముల పీల్పులు వందకు సమానం. రెండూ వేర్వేరు మందులు, బలాలు వేరు, కాబట్టి లెక్క సరిగ్గా ఇంతే అని కాదు. కానీ పంపు మందు నేరుగా ఊపిరితిత్తికి పోతుంది, మాత్ర ఒళ్ళంతా తిరుగుతుంది. ఆయాసం ముదిరినప్పుడు ఐదారు రోజులు మాత్రలు రాస్తే అది ప్రాణం కాపాడే వైద్యం, వేసుకోవాల్సిందే. చేటు చేసేది పేరులేని పొట్లంలో నెలల తరబడి వచ్చేది. పంపు వాడాక నోరు పుక్కిలించి ఉమ్మడం మరవొద్దు.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోకండి. బ్యూక్లిజిన్ అనే ఇంకో అలర్జీ మందును ఆకలి పెంచడానికి మన దేశంలో ఎలా అనుమతించారని 2012 మే నెలలో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 59వ నివేదికలో నిలదీసింది. 2021లో బ్రిటన్‌లో ఇంకో వింత. మన దేశంలో తయారైన, సైప్రోహెప్టడిన్ కలిసిన ఆకలి సిరప్‌ను అక్కడి ఆడపిల్లలు ఒంటి వంపుల కోసం తాగుతున్నారని, అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని అక్కడి ఆరోగ్య అధికారులు హెచ్చరించాల్సి వచ్చింది. మన పెద్దమ్మ బుగ్గల కోసం అడిగిందే అక్కడ నడుము కోసం అడుగుతున్నారు. సీసాలో మందు ఒకటే, తిక్క ఒకటే.

కౌంటరు మనిషిగా ఒక్క మాట. అలర్జీ మందుల డబ్బా మీద వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడితే ప్రమాదం అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. స్టెరాయిడ్ షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, చీటీ లేకుండా అమ్మకూడదు. మేము అమ్మాం, మీరు కొన్నారు. ఇకనైనా పొట్లం ఇచ్చే డాక్టరును మందు పేరు కాగితం మీద రాసివ్వమని అడగండి. రాయనంటే ఇంకో డాక్టరు దగ్గరికి పోండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఈ వ్యాసం చదివి రేపే మాత్ర ఆపొద్దు, మా అమ్మ చేసిన పొరపాటు అదే. డబ్బా పట్టుకుని వైద్యుని దగ్గరికి పోయి, తగ్గించే దారి అడగండి.

ఇక భోజనాల పంక్తిలో ఆ చెల్లెలి సంగతి. మనిషి లావుగా కనిపిస్తే తిండి గురించే మాట్లాడడం మనకు అలవాటు. ఆ లావు వెనక ఊపిరి కోసం మింగిన మాత్ర ఉండొచ్చు. ఊపిరి ఆడాలా, నడుము తగ్గాలా అన్న బేరంలో ఆమె ఊపిరిని ఎంచుకుంది. మా అమ్మ చివరిదాకా చుట్టాల ఇళ్ళల్లో రెండోసారి వడ్డన వద్దనేది. ఆకలి లేక కాదు.

వచ్చే నెల సంఘం భోజనాల్లో ఎవరి విస్తరి వాళ్ళు చూసుకుందాం. ఆ చెల్లెలికి బూరె నేనే వడ్డిస్తాను.